పఠనాలయానికి వచ్చిన మూడు పాత కంప్యూటర్లు: దేనికి ఏ తేలికపాటి లినక్స్ నప్పుతుంది?

ప్రశ్న
అడిగినవారు: పల్లె పఠనాలయం

అందరికీ నమస్కారం. నేను ముప్పై ఏళ్లకు పైగా తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా ఊళ్లో వాడకం లేకుండా పడి ఉన్న ఒక గదిని మిత్రులం కలిసి శుభ్రం చేయించి పఠనాలయంగా మార్చుకున్నాము. ఉదయం పత్రికల కోసం పెద్దలూ, సాయంత్రం బడి వదిలాక పిల్లలూ వస్తున్నారు. హైదరాబాదులోనూ బెంగళూరులోనూ స్థిరపడిన నా పూర్వవిద్యార్థులు ముగ్గురు తమ ఇళ్లలో మూలన పడి ఉన్న కంప్యూటర్లను ఈ సంక్రాంతికి తెచ్చి ఇచ్చారు. వాటి వివరాలు ఇవి.

మొదటిది పది అంగుళాల తెర గల చిన్న నెట్‌బుక్. ఇంటెల్ ఆటమ్ ఎన్270 ప్రాసెసరు, 1 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్‌డిస్క్ ఉన్నాయి. ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీ మీదే నడుస్తోంది. రెండవది కోర్ 2 డుయో ల్యాప్‌టాప్. అందులో 2 జీబీ డీడీఆర్2 ర్యామ్, 250 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 7 ఉన్నాయి. బ్యాటరీ పూర్తిగా పోయింది. మూడవది డెస్క్‌టాప్. కోర్ ఐ3-2100, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. చూడటానికి ఇదే గట్టిగా ఉంది కానీ, స్విచ్ వేసి ఇంటికి వెళ్లి కాఫీ తాగి వచ్చినా ఇంకా చక్రం తిరుగుతూనే ఉంటుంది.

మా అవసరాలు పెద్దవి కావు. తెలుగులో టైపు చేయాలి, తెలుగు వికీపీడియా చదవాలి, పత్రికల ఈ-పేపర్లు తెరవాలి, పిల్లలు వీడియో పాఠాలు చూడాలి, అప్పుడప్పుడు ఎవరికైనా దరఖాస్తో హాల్‌టికెట్టో ప్రింటు తీసి ఇవ్వాలి. ప్రింటరు కేనన్ ఎల్‌బీపీ2900. అదీ ఎవరో ఇచ్చినదే. మూడింటికీ కలిపి నాలుగైదు వేల రూపాయల వరకు ఖర్చు పెట్టగలము. పట్నంలో మరమ్మతులు చేసే ఒకరిని అడిగితే నెట్‌బుక్‌ను పాత సామాన్లవాడికి వేసేయమన్నారు. మిగిలిన రెండింటికీ ఎక్కడో దొరికే “కత్తిరించిన విండోస్ 11” వేసి ఇస్తామన్నారు. నా మనవడేమో విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయమంటున్నాడు. ఏ లినక్స్ అని అడిగితే పది పేర్లు చెప్పి వెళ్లిపోయాడు. అనుభవం ఉన్నవారు ఒక దారి చూపగలరని మనవి.

సమాధానం 1
రాసినవారు: ఇనుపపెట్టె

మాస్టారూ, నమస్కారం. ప్రాసెసరు పేర్లతో సహా వివరంగా రాశారు కాబట్టి సూటిగా చెప్పే వీలు కలిగింది. ఏ లినక్స్ అన్న ప్రశ్నకు ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి: ఆపరేటింగ్ సిస్టమ్‌ను మనం ఎంత పలచన చేసినా వెబ్‌పేజీ పలచన కాదు. యాంటిఎక్స్ వంటి తేలికపాటి లినక్స్ తెర మీదికి వచ్చి కూర్చునేసరికి నా పాత యంత్రాల్లో 200 ఎంబీకి అటూ ఇటూగా ర్యామ్ వాడుకుంటుంది. దాని మీద ఫైర్‌ఫాక్స్ తెరిచి, ప్రకటనలతో నిండిన ఒక్క వార్తల సైటుకు వెళితే అంతకు మూడింతలు ఇట్టే ఖర్చవుతుంది. అందువల్ల “ఏది అన్నిటికన్నా తేలిక” అని వెతుక్కోవడం కన్నా, ఏ యంత్రానికి ఏ పని అప్పగించాలో ముందు తేల్చుకోవడం మేలు. మీ మూడింటికీ ఒకే మందు పనిచేయదు.

డెస్క్‌టాప్‌తో మొదలుపెడతాను, మీ డబ్బులో ఎక్కువ భాగం దీని మీదే పెట్టాలి. ఐ3-2100 అనేది 2011లో వచ్చిన ప్రాసెసరు. రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు ఉన్నాయి. చదువుకూ రాతకూ ఇప్పటికీ సరిపోతుంది. మీరు చెబుతున్న ఆ కాఫీ ఆలస్యానికి కారణం ప్రాసెసరు కాదు, హార్డ్‌డిస్క్. తిరిగే పళ్లెం మీద ముల్లు ఒక చోటి నుంచి మరో చోటికి జరిగి చదవాలి కాబట్టి, చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లను సెకనుకు సుమారు వందకు మించి అది అందుకోలేదు. విండోస్ 10 మొదలయ్యేటప్పుడు అలాంటివి వేలల్లో అడుగుతుంది. ఆ వెంటనే అప్‌డేట్లూ వైరస్ తనిఖీలూ అదే ముల్లును తలో పక్కకూ లాగుతాయి. కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ అనే కొత్తరకం డిస్క్ ఇదే పనిని సెకనుకు పదివేల లెక్కలో చేస్తుంది. అప్పటి బోర్డుల్లో చాలావాటిలో, డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా అనే దారికి పాత తరహా వేగమే ఉంటుంది. కొత్త ఎస్‌ఎస్‌డీ పూర్తి వేగం రాదని ఎవరైనా చెబితే అది నిజమే కానీ, మీకు తేడా తెలిసేది వరుసగా చదివే వేగంలో కాదు, ఈ వెతుకులాటలో. కాబట్టి 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి కొనండి; మరో 4 జీబీ డీడీఆర్3 ర్యామ్‌ను పాతదైనా సరే సంపాదించి జత చేయండి. హైదరాబాదులో ఉన్న మీ విద్యార్థికి చెబితే సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గంటలో పని ముగిస్తారు.

ఎస్‌ఎస్‌డీ మీద లినక్స్ మింట్ అనే రకాన్ని, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి తెర అమరికతో వేయండి. దీనికన్నా తేలికైనవి ఉన్న మాట వాస్తవమే. కానీ 8 జీబీ ర్యామ్ ఉన్న యంత్రానికి మరీ పస్తు పెట్టనక్కర లేదు. విండోస్ వాడిన పెద్దలు మెనూ చూసి బెదిరిపోరు. మింట్ 22 వరుసకు 2029 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. లాగిన్ తెర అమరికల్లో అతిథి ప్రవేశం అనే ఏర్పాటు ఉంది. దాన్ని అనుమతిస్తే, పిల్లలు పని ముగించి బయటికి రాగానే వాళ్లు తెరిచినవీ దాచినవీ అన్నీ చెరిగిపోతాయి. పదిమంది చేతులు పడే చోట దీని విలువ మీకు వారంలోనే తెలుస్తుంది.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మైక్రోసాఫ్ట్ ఇస్తున్న పొడిగింపులో నమోదు చేసుకున్నా ఇళ్లలో వాడే యంత్రాలకు అది 2026 అక్టోబరు 13 వరకే. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అడుగుతుంది, ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరం నుంచి మాత్రమే ఒప్పుకుంటుంది. మీది రెండో తరం. మీకు ఎవరో చెప్పిన “కత్తిరించిన విండోస్” అంటే ఆ తనిఖీలను తప్పించి, కొన్ని భాగాలను తీసేసి ఎవరో ముక్కూ మొహం తెలియనివారు తయారుచేసిన ప్రతి. ఏం తీశారో, ఏం చేర్చారో మనకు కనబడదు. అప్‌డేట్ల దారి కూడా చాలాసార్లు మూసుకుపోయి ఉంటుంది. ఊరి జనం ఆధార్ సంఖ్యలూ బ్యాంకు వివరాలూ నింపే యంత్రంలో దాన్ని పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. పైగా మీ కోర్ 2 డుయో మీద ఆ ఎత్తు కూడా పారదు. 24హెచ్2 విడుదల నుంచి విండోస్ 11కు అవసరమైన కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు (ప్రాసెసరు స్థాయి ఆదేశాలు) ఆ ప్రాసెసరులో అసలు లేనే లేవు.

ఇక ఆ ల్యాప్‌టాప్. కోర్ 2 డుయో 64 బిట్ల ప్రాసెసరే కాబట్టి నేటి లినక్స్‌లు దాని మీద ఎక్కుతాయి. డీడీఆర్2 ర్యామ్ కొత్తది దొరకడం కష్టం. పాతది దొరికితే 4 జీబీకి పెంచి, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే లినక్స్‌ను ఎల్‌ఎక్స్‌క్యూటీ అనే తేలికపాటి తెర అమరికతో వేయండి. దొరకక 2 జీబీ దగ్గరే ఆగితే 64 బిట్ల యాంటిఎక్స్ వేయండి. రెండు సందర్భాల్లోనూ జెడ్‌ర్యామ్ అనే ఏర్పాటు చేసుకోవడం మరవకండి. ర్యామ్ నిండినప్పుడు హార్డ్‌డిస్క్ మీద రాసి పెట్టుకునే బదులు, ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించి నిల్వచేసే పద్ధతి ఇది. కుదించడానికి ప్రాసెసరుకు కాస్త శ్రమ పెరుగుతుంది. అయినా ముల్లు కోసం ఎదురుచూడటం కన్నా అది వందరెట్లు నయం. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ చేర్చండి. ప్రకటనలు ఆగితే ఈ తరం యంత్రాలకు ఊపిరి ఆడుతుంది. వీడియోల విషయంలో మరో కిటుకు ఉంది. యూట్యూబ్ ఇప్పుడు వీడియోలను ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే రూపాల్లో పంపుతోంది; వాటిని విప్పే భారమంతా పాత యంత్రాల్లో ప్రాసెసరు మీదే పడుతుంది. పాత హెచ్.264 రూపాన్నే అడిగేలా చేసే చిన్న పొడిగింపు బ్రౌజరుకు చేర్చి, వీడియో నాణ్యతను 480 దగ్గర ఆపి చూస్తే పాఠం ఆగకుండా నడుస్తుంది. డెస్క్‌టాప్‌కు కూడా ఇదే పనికొస్తుంది.

నెట్‌బుక్ విషయంలో మీ మనసు నొప్పించక తప్పదు. ఎన్270 ఒకే కోరు గల 32 బిట్ల ప్రాసెసరు; దానికి 2 జీబీకి మించి ర్యామ్ పట్టదు. లినక్స్ లోకం కూడా 32 బిట్లకు వీడ్కోలు చెబుతోంది. డెబియన్ 13 నుంచి 32 బిట్ల పీసీలకు ఇన్‌స్టాలరూ లేదు, వ్యవస్థకు గుండెకాయ వంటి కెర్నలూ లేదు. డెబియన్ 12కు దీర్ఘకాలిక మద్దతు 2028 జూన్ వరకు ఉంది కాబట్టి, దాని మీద కట్టిన యాంటిఎక్స్ 23 యొక్క 32 బిట్ల ప్రతి మీకు సరిపోతుంది. కానీ 32 బిట్ల లినక్స్‌కు ఫైర్‌ఫాక్స్ 144తో ఆగిపోయింది. దీర్ఘకాలిక విడుదలైన 140కి మాత్రం 2026 సెప్టెంబరు వరకైనా భద్రతా సవరణలు ఇస్తామని మొజిల్లా చెప్పింది. అంటే ఈ యంత్రాన్ని ఇంటర్నెట్ కోసం ఉంచుకోవడం వృథా ప్రయాస. పాత సామాన్లవాడికి వేయనక్కర కూడా లేదు. కివిక్స్ అనే కార్యక్రమం ఉంది; తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా దించుకుని ఇంటర్నెట్ లేకుండా చదువుకోవచ్చు. ఆ ఫైలును డెస్క్‌టాప్‌లో పెట్టి, కివిక్స్ సర్వరును అక్కడ నడిపితే, మీ గదిలోని వైఫై ద్వారా నెట్‌బుక్ బ్రౌజరులో ఆ పేజీలు తెరుచుకుంటాయి. బయటి ప్రపంచంతో పని ఉండదు. ప్రకటనలు లేని ఆ పేజీలను ఎన్270 కూడా నిమ్మళంగా చూపిస్తుంది. దానితోపాటు పిల్లలు తెలుగు టైపు నేర్చుకోవడానికి దాన్ని కేటాయించండి.

పప్పీ లినక్స్ గురించి కూడా మీ మనవడు చెప్పి ఉంటాడు. మొత్తం వ్యవస్థను ర్యామ్‌లోకి ఎత్తుకుని నడుస్తుంది కాబట్టి చురుకుగానే ఉంటుంది. నాకు ఇష్టమైనది కూడా. అయితే మామూలుగా అది సర్వాధికారాలున్న రూట్ ఖాతాతోనే నడుస్తుంది. సొంతానికి పరవాలేదు కానీ నలుగురు వాడే చోట నేను పెట్టను.

ఏది వేసే ముందైనా ఒక పెన్‌డ్రైవ్‌లో వెంటాయ్ అనే ఉపకరణం వేసి, ఈ లినక్స్‌ల ఐఎస్‌ఓ ఫైళ్లన్నీ (ఇన్‌స్టాల్ చేయడానికి దించుకునే ప్రతులు) అందులోకి కాపీ చేయండి. ఒకే పెన్‌డ్రైవ్ నుంచి ఏది కావాలంటే అది బూట్ అవుతుంది. డిస్క్‌ను ముట్టుకోకుండా లైవ్‌గా నడిపి వైఫై, శబ్దం, తెర వెలుతురు, మూత మూసి తెరిస్తే లేవడం, ఇవన్నీ సరిచూసుకున్నాకే ఇన్‌స్టాల్ చేయండి.

సమాధానం 2
రాసినవారు: అక్షరాల కొట్టు

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, తెలుగు కోణం నుంచి ఒక హెచ్చరిక చేయాలనుకుంటున్నాను. ఇరవై ఏళ్లుగా డీటీపీ పని చేస్తున్నవాణ్ణి కాబట్టి అక్షరాల విషయంలో నా బాధ నాకుంది. తేలికపాటి సాఫ్ట్‌వేర్ అని పొగిడేవాటిలో కొన్ని తెలుగుకు పనికిరావు. ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి కూర్చుంటాయి. మన లిపిలో గుణింతాలూ ఒత్తులూ కిందా మీదా అమరాలి. ఆ కూర్పు చేసే భాగం లేని కార్యక్రమంలో “క్ష్మి” అని రాస్తే క, పొల్లు, ష, పొల్లు విడివిడిగా ముక్కలై కనిపిస్తాయి. డిల్లో అనే అతి తేలిక బ్రౌజరూ, ఎక్స్‌టర్మ్ అనే టెర్మినలూ నాకు ఈ కష్టమే చూపించాయి. మౌస్‌ప్యాడ్, జియానీ, ఫెదర్‌ప్యాడ్ వంటి ఎడిటర్లు మాత్రం ఎంత చిన్నవైనా తెలుగును చక్కగా కూరుస్తాయి. పేజీలు తెరుచుకుంటున్నాయి కదా అని సంబరపడకుండా, మొదట ఒక పద్యాన్ని తెరిచి చూడమని నా సలహా.

ఫాంట్ల కోసం డెబియన్‌లో తెలుగు ఫాంట్ల ప్యాకేజీ ఉంది. పోతన, వేమన ఫాంట్లు కూడా లినక్స్‌లో ఇబ్బంది లేకుండా వాడుకోవచ్చు. టైపు విషయంలో, మీకు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు పద్ధతి వస్తే వేరే కార్యక్రమం ఏదీ అవసరం లేదు. కీబోర్డు అమరికల్లో తెలుగును చేర్చుకుంటే చాలు, వెనుక ఏదీ నడవదు కాబట్టి నెట్‌బుక్‌కు భారమూ ఉండదు. ఫోన్లలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్న పిల్లలకు ఐబస్ అనే టైపు కార్యక్రమం వేసి, ఎం17ఎన్ అమరికల్లో ఆర్‌టీఎస్ ఎంచుకోండి. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఇంటర్నెట్ తొలిరోజుల్లో తెలుగు విద్యార్థుల చేతుల్లో పుట్టిన పద్ధతి అది. ఆపిల్ కీబోర్డు అమరిక అలవాటైనవారికి అదీ అక్కడే దొరుకుతుంది.

ఎవరైనా అడుగుతారని ముందే చెబుతున్నాను: “అను” అనే పేరుగల ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన పనికి లినక్స్ దారి చూపదు. అను పద్ధతిలో తెలుగు అక్షరం యూనికోడ్‌గా (ప్రతి లిపి అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతిలో) ఉండదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చి పెడతారు. ఆ ఫైలును ఫాంటు లేనిచోట తెరిస్తే అర్థంలేని రోమన్ అక్షరాల గుంపు కనిపిస్తుంది. నా కొట్టులో ఎక్స్‌పీ యంత్రం ఒకటి ఇప్పటికీ ఆ పనికే ఉంది. దానికి ఇంటర్నెట్ తీగను పూర్తిగా తీసేశాను. దాని డిస్క్‌ను క్లోనెజిల్లాతో ఉన్నదున్నట్టుగా మరో డిస్క్‌లోకి ఎత్తి ఉంచాను. ఆ పాత పెట్టె ఎప్పుడు కన్నుమూసినా ఆశ్చర్యం లేదు కదా.

సమాధానం 3
రాసినవారు: నదీతీరం

నా అభిప్రాయం కొంచెం వేరు. ముగ్గురు దాతలకు ధన్యవాదాలు చెప్పి, నెట్‌బుక్‌నూ ల్యాప్‌టాప్‌నూ పక్కన పెట్టి, కార్యాలయాలు అమ్మేసిన ఎనిమిదో తరం చిన్న డెస్క్‌టాప్ ఒకటి పునరుద్ధరించినది కొనుక్కోవడం మంచిదని నాకు అనిపిస్తోంది. మీరు చెప్పిన మొత్తానికి మరికొంత చందా చేరిస్తే సరిపోవచ్చు. పాత యంత్రాలకు డబ్బు ఎస్‌ఎస్‌డీ దగ్గర ఆగదు. తరవాత అడాప్టరు పోతుంది, ఆ తరవాత ఫ్యాను శబ్దం చేస్తుంది, కీబోర్డులో నాలుగు మీటలు ఊడతాయి. లినక్స్‌లో చిక్కు వస్తే మీ ఊళ్లో ఆ పూట సాయం చేసేవారు ఉన్నారా అన్నది కూడా ఆలోచించండి. పాత కంప్యూటర్లలో వేసుకునే గూగుల్ ఆపరేటింగ్ సిస్టమ్ క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ ఈ కోణంలో చూస్తే సులువైనది. తనను తానే చూసుకుంటుంది. అయితే 64 బిట్లూ, 4 జీబీ ర్యామూ కావాలి. ఆండ్రాయిడ్ యాప్‌లు అందులో నడవవు. ఇంటర్నెట్ లేనప్పుడు పెద్దగా పని జరగదు.

సమాధానం 4
రాసినవారు: ఇనుపపెట్టె

నదీతీరం గారు చెప్పినదానిలో సాయం చేసేవారి సంగతి ముమ్మాటికీ నిజం. అందుకే మూడింటిలోనూ డెబియన్ కుటుంబానికి చెందినవే సూచించాను. మింట్ ఉబుంటు మీద, ఉబుంటు డెబియన్ మీద ఆధారపడినవి కాబట్టి ఒకచోట నేర్చుకున్న ఆదేశం మిగిలిన రెండు చోట్లా చెల్లుతుంది. ఎస్‌ఎస్‌డీ కూడా వృథా కాదు. రేపు మరో యంత్రం కొన్నా ఊడదీసి అందులో పెట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్ మీద మాత్రం, ర్యామ్ తప్ప, పైసా పెట్టవద్దని నేనూ అంటాను.

సమాధానం 5
రాసినవారు: టోనరు మరక

ప్రింటరు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మన వైపు జిరాక్సు కొట్లలో ఎక్కడ చూసినా కనిపించే ఆ ఎల్‌బీపీ2900 లినక్స్‌తో సఖ్యంగా ఉండదు. పేజీని బొమ్మగా మార్చే పనంతా కంప్యూటరు చేత చేయించుకుని, కేనన్‌కు మాత్రమే చెందిన క్యాప్ట్ అనే భాషలో డేటా అందుకునే ప్రింటరు అది. లినక్స్ కోసం కేనన్ ఇచ్చిన డ్రైవరు పాతది. 32 బిట్ల లైబ్రరీలు అడుగుతుంది, నేపథ్యంలో ఒక సేవ నడుస్తూ ఉండాలి, ఆ సేవ కాస్తా మధ్యలో మొరాయిస్తుంది. నేను ఒక ఆదివారమంతా కూర్చుని ఒక మింట్ యంత్రంలో దాన్ని నడిపించాను. మరుసటి అప్‌డేట్‌తో మళ్లీ పడుకుంది. స్వచ్ఛందంగా కొందరు రాసిన స్వేచ్ఛా డ్రైవరు కూడా ఉంది, ప్రయత్నించవచ్చు. కానీ పరీక్ష రేపు అనగా హాల్‌టికెట్టు కోసం వచ్చిన పిల్లవాడి ముందు ప్రయోగాలు చేయలేము కదా.

దీనికి నేను చేసే ఉపాయం మొరటుగా ఉంటుంది కానీ పనిచేస్తుంది. డెస్క్‌టాప్‌కు కొత్త ఎస్‌ఎస్‌డీ వేస్తున్నారు కాబట్టి పాత 500 జీబీ డిస్క్ ఖాళీగా మిగులుతుంది. అందులోని విండోస్ 10ను చెరపకుండా, రెండో సాటా తీగకు అలాగే తగిలించి ఉంచండి. లినక్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం ఆ తీగ ఊడదీయండి. లేకపోతే యంత్రాన్ని మొదలుపెట్టే బూట్ లోడరు పొరపాటున పాత డిస్క్ మీదికి పోవచ్చు. ప్రింటు కావలసినప్పుడు పీడీఎఫ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, బూట్ మెనూ నుంచి పాత డిస్క్ ఎంచుకుని ప్రింటు తీసుకోండి. విండోస్‌కు నెట్‌వర్క్ ఆపేసి ఉంచండి. రోజుకు నాలుగు కాగితాలకు మించి రానప్పుడు ఈ తిప్పలు భరించదగ్గవే. ఎక్కువైతే ఆ ప్రింటరును ఎవరికైనా ఇచ్చి, అందరూ వాడే ప్రింటరు భాషలైన పీసీఎల్ గానీ పోస్ట్‌స్క్రిప్ట్ గానీ అర్థం చేసుకునే లేజర్ ప్రింటరు వెతుక్కోండి. హెచ్‌పీ 1020 దొరికితే అదీ పరవాలేదు. స్విచ్ వేసిన ప్రతిసారీ దానికి ఫర్మ్‌వేర్ (పరికరాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించాలి, హెచ్‌ప్లిప్ అనే ప్యాకేజీ దాని ప్లగిన్‌తో కలిసి ఆ పని తనంతట తానే చేస్తుంది.

అడిగినవారి తిరుగు జాబు
రాసినవారు: పల్లె పఠనాలయం

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. మూడు వారాలు పట్టింది. డెస్క్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ వేయించి మింట్ ఎక్కించాము. స్విచ్ వేసినప్పటి నుంచి లాగిన్ తెర వచ్చేదాకా గోడ గడియారం చూసి లెక్కపెడితే అర నిమిషం లోపే ఉంది. పత్రిక చదవడానికి వచ్చే ఒక పెద్దాయన “ఇది కొత్తది కొన్నారా?” అని అడిగారు. పాత డిస్క్ ఉపాయం కూడా అమలు చేశాము. అది విండోస్‌లోకి వెళ్లేసరికి వెనకటి కాఫీ సమయం పడుతోంది, కానీ కాగితం మాత్రం తప్పకుండా వస్తోంది. కివిక్స్‌లో తెలుగు వికీపీడియా పెట్టాము. పిల్లలు మొదట వెతికింది మా ఊరి పేరు. నాలుగు వాక్యాలే ఉన్నాయని నిరాశపడి, తామే పెంచుతామని కాగితం మీద రాయడం మొదలుపెట్టారు.

రెండు చిక్కులు మిగిలాయి. ల్యాప్‌టాప్‌కు పాత ర్యామ్ దొరికి 4 జీబీ అయింది. డెబియన్ 13 బాగానే ఎక్కింది కానీ వైఫై అసలు కనిపించడం లేదు. లోపల బ్రాడ్‌కామ్ కార్డు ఉందని మనవడు చెప్పాడు. రెండవది నెట్‌బుక్‌లో వచ్చింది. యాంటిఎక్స్ చక్కగా నడుస్తోంది, కివిక్స్ పేజీలు తెరుచుకుంటున్నాయి. ఒకసారి ప్యాకేజీ దించుకుందామని ఇంటర్నెట్‌కు కలిపితే మాత్రం తెరిచిన ప్రతి సైటూ సురక్షితం కాదని హెచ్చరిక వస్తోంది. వైరస్ ఏమైనా చేరిందా?

సమాధానం 6
రాసినవారు: ఇనుపపెట్టె

వైరస్ కాదు మాస్టారూ, తేదీ. నెట్‌బుక్ మూలన ఉన్న గడియారం చూడండి. ఏ 2008 జనవరిలోనో ఉండి ఉంటుంది. సైట్ల భద్రతా పత్రాలకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. యంత్రం తానింకా పాత కాలంలోనే ఉన్నాననుకుంటే, ఆ పత్రాలన్నీ ఇంకా పుట్టనివిగా కనిపించి తిరస్కరిస్తుంది. బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయిందన్నమాట. చాలా యంత్రాల్లో అది సీఆర్2032 రకం. ఏ గడియారాల కొట్టులోనైనా దొరుకుతుంది. కానీ కొన్ని నెట్‌బుక్‌లలో దానికి రెండు తీగలు అతికి, పైన ప్లాస్టిక్ తొడుగు వేసి ఉంటుంది. మీది అలాంటిదైతే విప్పడానికి అలవాటున్నవారికి ఇవ్వండి, లోపలి తీగలు సున్నితంగా ఉంటాయి. అందాకా స్విచ్ వేసినప్పుడల్లా తేదీని చేత్తో సరిచేసుకుంటే సైట్లు తెరుచుకుంటాయి.

ల్యాప్‌టాప్ వైఫై సంగతి. డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే చాలా కార్డుల ఫర్మ్‌వేర్ కలిపి ఇస్తున్నారు. కానీ ఆ తరం బ్రాడ్‌కామ్ కార్డులలో కొన్నింటి ఫర్మ్‌వేర్‌ను ఇతరులు పంచే అనుమతి లేదు కాబట్టి అది అందులో ఉండదు. దాన్ని దించి అమర్చే బీ43 ఇన్‌స్టాలర్ ప్యాకేజీ మాత్రం డెబియన్‌లో కాంట్రిబ్ అనే అదనపు ప్యాకేజీల విభాగంలో ఉంది. వైఫై కోసం ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ కోసం వైఫై కావాలి అన్న ముడి ఇక్కడ పడుతుంది. మీ ఫోనును యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఫోను అమరికల్లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోను ఇంటర్నెట్‌ను తీగ ద్వారా పంచే ఏర్పాటు) నొక్కండి. లినక్స్ దాన్ని మామూలు నెట్‌వర్క్ తీగలాగే గుర్తిస్తుంది. కాంట్రిబ్ విభాగాన్ని చేర్చి, ఆ ప్యాకేజీ వేసి, ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టండి. అప్పటికీ రాకపోతే కార్డు సంఖ్య చూసి ఇక్కడ రాయండి. అదే తరంలో కొన్నింటికి బీ43లోనే వేరే ప్యాకేజీ ఉంది, ఏది మీదో చెబుతాను.

మరొకటి. ల్యాప్‌టాప్ బ్యాటరీ పోయిందన్నారు కదా. కరెంటు పోగానే అది ఒక్కసారిగా ఆరిపోతుంది కాబట్టి, దాన్ని కూడా డెస్క్‌టాప్ ఉన్న యూపీఎస్‌కే కలపండి. యూపీఎస్ లేకపోతే లిబర్‌ఆఫీస్‌లో తనంతట తాను దాచుకునే వ్యవధిని రెండు నిమిషాలకు తగ్గించండి. మీ పిల్లలు ఊరి చరిత్ర రాసేది దాని మీదే అయితే, ఈ పని వైఫై కన్నా ముందు చేయండి.